వార్డుల చేరిన పేషెంట్‌కు కల్లు, మందు, గోలీల అలవాటు ఉందా: ఎట్ల కనిపెట్టాలె, కనిపెట్టినంక ఏం చేయాలె

నేను హౌస్ సర్జన్‌గ ఉన్నప్పుడు ఆర్థో వార్డుల ఒక కాక ఉండె. పరకాల దిక్కు రైతు, బండి మీదికెళ్లి పడితె తొడ ఎముక విరిగింది. మొదటి దినం మంచిగనే మాట్లాడిండు, రెండో దినం చేతులు వణుకుతున్నయి, నిద్ర పడ్తలేదు అన్నడు, నొప్పికి అనుకొని ఇంకో పెయిన్ ఇంజెక్షన్ రాసినం. మూడో దినం రాత్రి దుప్పటి మీద లేని చీమలను ఏరుతుండు, ట్రాక్షన్ (విరిగిన కాలుకు కట్టిన బరువు) గుంజుకుంటుండు, గోడతోని మాట్లాడుతుండు. కొడుకును అడిగితె "మా బాపు మందు ముట్టడు సార్" అన్నడు. పిలగాడు అబద్ధం ఆడలె. ఆ కాక ఇరవై ఏండ్ల సంది పొద్దున రెండు సీసాలు, మాపటికి మూడు సీసాలు కల్లు తాగుతుండు, వాళ్లింట్ల అది తాగుడు కింద లెక్కనే లేదు. కేస్ షీట్ల ఆల్కహాల్ దగ్గర "లేదు" అని రాసింది నేనే. అడిగిన మాట తప్పు కాబట్టి వచ్చిన జవాబు తప్పు, అంతే.

అందుకే ఇది రాస్తున్న, కొత్తగ డ్యూటీల చేరిన డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, పేషెంట్ పక్కన కూసునే ఇంటోళ్లకు కూడ. మందుల డోసులు ఇక్కడ రాసినయి డాక్టర్లు చూసుకోనీకే, ఇంటోళ్లు ఇంట్ల సొంతంగ ట్రై చేయొద్దు, ప్లీజ్.

మొదటి అడుగు: అందరినీ అడుగుడు, ఊరి మాటతోని అడుగుడు

చూసి "ఈయన తాగేటట్టు ఉండు" అని అంచనా వేసి కొందరినే అడుగుతరు చూడు, అక్కడనే దెబ్బ తింటం. కాలు విరిగినోడు, అపెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చినోడు, న్యుమోనియాతోని వచ్చిన అవ్వ, టీచర్ సారు, అందరినీ అడగాలె. ముసలవ్వలను అసలే ఎవ్వరు అడగరు, మన దిక్కు ఊర్లల్ల నాట్లకు కలుపుకు పోయొచ్చి ఒళ్లు నొప్పులకని మాపటికి సీసా తాగే ఆడోళ్లు మస్తు మంది ఉంటరు, ఇంట్లనే తాగుతరు, కోడలుకు కూడ తెలుస్తది, కాని డాక్టర్ అడగడు, వాళ్లు చెప్పరు.

అడిగేటప్పుడు పెండ్లాం పిల్లలు పక్కకు పోయినంక అడగాలె. తర్వాత ఇంటోళ్లను వేరేగ అడగాలె. రెండు లెక్కలు కలవకపోతె ఎక్కువ చెప్పిన లెక్కనే పట్టుకో.

నేను అడిగే వరుస చెప్త. ముందుగాల బీడీ, సిగరెట్, గుట్కా, అంబర్, ఖైనీ. దీనికి ఎవ్వరు సిగ్గుపడరు, నోరు తెరుచుకుంటది. తర్వాత "కల్లు ఎన్ని సీసాలు కాకా రోజుకు?" తాగుతవా అని కాదు, ఎన్ని అని. తాగనోడు "నేను తాగ సారు" అంటడు, నష్టమేం లేదు. తర్వాత మందు, బీరు, గుడుంబా. తర్వాత నిద్ర గోలీలు, నొప్పి గోలీలు, దగ్గు మందు, ఆర్ఎంపీ దగ్గర రోజు వేయించుకునే సూదులు. పిలగాండ్లయితె గంజాయి, పీల్చే వైట్‌నర్, సొల్యూషన్ (పంక్చర్ అతికే జిగురు).

అన్నిటికంటె ముఖ్యమైనది "ఆఖరుసారి ఎప్పుడు?" నిన్న, మొన్న అని కాదు, టైము కావాలె. నిన్న పొద్దుగూకి ఏడింటికి అంటె ఏడు అని కేస్ షీట్ల రాయాలె, ఎందుకంటె ఆడికెళ్లే మన గడియారం మొదలైతది. ఇంకో ప్రశ్న, "ఇంతకుముందు ఎప్పుడన్న బంద్ పెడితె ఏమైంది, ఫిట్స్ వచ్చినయా, సోయి తప్పిందా?" ఒకసారి ఫిట్స్ వచ్చినోడికి, ఒకసారి పిచ్చి లేసినట్టు చేసినోడికి మళ్ల అదే వచ్చే ఛాన్స్ ఎక్కువ.

రెండో అడుగు: లెక్క కట్టుడు

"కొద్దిగ తాగుత" అనేది లెక్క కాదు. 10 గ్రాముల ఆల్కహాల్‌ను ఒక డ్రింక్ అనుకుంటె, 30 ఎం.ఎల్ విస్కీ ఒక డ్రింక్. క్వార్టర్ అంటె 180 ఎం.ఎల్, 6 డ్రింకులు. హాఫ్ 375 ఎం.ఎల్, 12 దాటుతది. 650 ఎం.ఎల్ స్ట్రాంగ్ బీరు ఒకటి దాదాపు 4. "రోజు ఒక్క క్వార్టరే సారు" అనేటోడు రోజుకు 6 డ్రింకులు తాగుతుండు అన్నట్టు, ఆయనకు తక్కువ అనిపిస్తది, లివర్‌కు కాదు. కల్లుది మాత్రం ఈ లెక్కల పెట్టలేం, ఎందుకో కింద చెప్త.

నాలుగు ప్రశ్నల కేజ్ అని ఉంటది, వార్డుల నిలబడి నిమిషంల అయిపోతది. తగ్గించాలె అని ఎప్పుడన్న అనుకున్నవా, తాగుడు గురించి ఎవరన్న అంటె కోపమొస్తదా, తప్పు చేస్తున్న అనిపిస్తదా, పొద్దున లేవంగనే చేతులు ఆగనీకె ఒక పెగ్గు వేస్తవా. రెండింటికి అవును అంటె గట్టిగ అనుమానించాలె. నా మటుకు నాలుగోది ఒక్కటి అవునంటె చాలు, నేను విత్‌డ్రాయల్‌కు, అంటె తాగుడు ఒక్కసారే ఆగితె వచ్చే బాధలకు, రెడీ అయిపోత. టైమ్ ఉంటె డబ్ల్యూహెచ్ఓ వాళ్ల ఆడిట్, 10 ప్రశ్నలు, 40 మార్కులు, 8 గాని అంతకంటె ఎక్కువ గాని వస్తె తాగుడుతోని నష్టం మొదలైనట్టు, 20 గాని అంతకంటె ఎక్కువ గాని వస్తె బానిస అయిండేమో అని చూడాలె.

డయాగ్నోసిస్ పేరు పెట్టాలంటె మానసిక డాక్టర్లు వాడే డీఎస్ఎం 5 పుస్తకంల 11 లక్షణాలు ఉన్నయి, 12 నెలలల్ల 2 ఉంటె డిజార్డర్ కిందికి వస్తది, 2 నుంచి 3 తక్కువ, 4 నుంచి 5 మధ్యరకం, 6 గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటె తీవ్రం. అనుకున్నదానికంటె ఎక్కువ తాగుడు, మానలేకపోవుడు, పని ఇల్లు పాడైనా ఆపకపోవుడు, మునుపటి మోతాదు సరిపోకపోవుడు, ఆపితె వణుకుడు, ఇట్లాంటియి. ఒక్కటి గుర్తుంచుకో, డాక్టర్ రాసిన మందును రాసినట్టే వాడేటోడికి అలవాటు పడి, ఆపితె ఇబ్బంది వచ్చినా దాన్ని ఒక్కదాన్నే పట్టుకొని డిజార్డర్ అనొద్దు.

రక్త పరీక్షల మీద మరీ నమ్మకం పెట్టుకోకు. లివర్ పరీక్షలల్ల జీజీటీ పెరుగుడు, ఏఎస్‌టీ ఏఎల్‌టీకి రెండింతలు ఉండుడు, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) ఎక్కువుండుడు ఇవన్నీ సూచనలే, నార్మల్ వచ్చినంత మాత్రాన తాగడు అని కాదు.

మూడో అడుగు: గడియారం చూసుకుంట ఉండుడు

ఆఖరి చుక్క పడ్డ టైము నుంచి 6 గంటలు దాటినంక వణుకుడు, చెమటలు, గుండె దడ, వాంతులు, చిరాకు మొదలైతయి. 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావొచ్చు. 12 నుంచి 48 గంటలల్ల కొందరికి లేనియి కనబడ్తయి, వినబడ్తయి, కాని తను ఎక్కడున్నడో సోయి ఉంటది. 48 నుంచి 96 గంటల మధ్యల అసలు ప్రమాదం, డెలీరియం ట్రెమెన్స్, జ్వరం, బీపీ, పల్స్ పెరిగి ఎవ్వరిని గుర్తుపట్టడు, ప్రాణం పోయే పరిస్థితి. ఇప్పుడు లెక్క చూడుండ్రి, పేషెంట్ సోమవారం పడ్డడు, మంగళవారం ఆపరేషన్ అయింది, బుధ గురువారాలల్ల పిచ్చి లేసింది. అందరు మత్తు మందు పడలేదు అంటరు. ఇంట్ల పెద్దోళ్లయితె గాలి సోకింది అని తాయెత్తు తెస్తరు.

అట్లనే ఇంకో దిక్కు తప్పు కూడ చేయొద్దు. తాగుబోతు కదా అని ప్రతి గందరగోళాన్ని తాగుడు మీదికే తోస్తె, తలల రక్తం గడ్డ కట్టినోడు మన కండ్ల ముందే పోతడు. తాగినోడు పడుడు ఎక్కువ, తలకు దెబ్బ తెలియకుంటనే తగులుతది. కాబట్టి ముందుగాల షుగర్ గుచ్చి చూడాలె, తర్వాత సోడియం, ఇన్ఫెక్షన్, లివర్ ఫెయిల్యూర్. ఫిట్స్ మొదటిసారి వచ్చినా, ఒక పక్కకే వచ్చినా, 5 నిమిషాలు దాటినా, తలకు దెబ్బ ఉన్నా సీటీ తీయాల్సిందే. చూపు మసకగుంది, కడుపుల నొప్పి, ఆయాసం అన్నడంటె మిథనాల్ కలిసిన మందు తాగిండేమో అని డౌట్ రావాలె, అది వేరే ఎమర్జెన్సీ, డయాలసిస్ ఉన్న చోటికి వెంటనే పంపాలె.

విత్‌డ్రాయల్ ఎంతుందో కొలవనీకె సివా అనే స్కేల్ ఉంది, 10 అంశాలు, 67 మార్కులు. 8 లోపల ఉంటె చూసుకుంట ఉండొచ్చు, 8 గాని అంతకంటె ఎక్కువ గాని ఉంటె మందులు రాసుడు ఆలోచించాలె, 15 దాటితె తీవ్రం. నర్సులే వేయొచ్చు, నిజం చెప్పాలంటె నర్సులే డాక్టర్ల కంటె మంచిగ వేస్తరు. మాట్లాడలేని పేషెంట్‌కు, వెంటిలేటర్ మీదున్నోళ్లకు ఇది పనికిరాదు.

నాలుగో అడుగు: ట్రీట్‌మెంట్

ఫస్టు థయమిన్, అంటె విటమిన్ బి1. మన దగ్గర క్యాజువాలిటీల ఎవరొచ్చినా అలవాటుగ డెక్స్‌ట్రోస్ పెడతరు, తాగి తిండి మానేసినోడికి థయమిన్ లేకుంట గ్లూకోజ్ ఎక్కిస్తె ఉన్న కొంచెం బి1 కూడ అయిపోయి వెర్నికే అనే మెదడు జబ్బు రావొచ్చు. షుగర్ పడిపోయి ఉంటె మాత్రం గ్లూకోజ్ ఆపొద్దు, రెండూ ఒక్కసారే ఇవ్వాలె. ముందు జాగ్రత్తకైతె రోజుకు 100 నుంచి 300 ఎం.జీ ఇంజెక్షన్, వెర్నికే అనుమానం ఉంటె 500 ఎం.జీ రోజుకు మూడుసార్లు సెలైన్ల కలిపి ఐవీల. గందరగోళం, కనుగుడ్లు సరిగ తిరగకపోవుడు, నడక తూలుడు, ఈ మూడు కలిసి కనబడేది తక్కువ మందిల, ఒక్కటి ఉన్నా ఇచ్చేయాలె. తూలుతుండు అంటె తాగిండు అనుకునేది ఇక్కడనే. మెగ్నీషియం, పొటాషియం, ఫాస్ఫేట్ కూడ చూసుకోవాలె, మెగ్నీషియం లేకుంటె థయమిన్ కూడ పనిచేయదు.

తర్వాత బెంజోడయాజెపైన్లు (బెంజోలు), వణుకుడును, ఫిట్స్‌ను ఆపే నిద్రమత్తు మందులు. లివర్ మంచిగుంటె డయాజెపామ్ 10 ఎం.జీ గాని, క్లోర్‌డయాజెపాక్సైడ్ 25 ఎం.జీ గాని, స్కోరు చూసుకుంట మళ్ల మళ్ల ఇచ్చుడు. రాత్రి ఇద్దరు సిస్టర్లు నలభై మంది పేషెంట్లను చూసే వార్డుల గంట గంటకు స్కోరు వేసుడు అయ్యే పని కాదు, అసొంటి చోట టైము ప్రకారం ఇచ్చి 5 నుంచి 7 దినాలల్ల తగ్గించుకుంట పోవుడే మేలు. పుస్తకాలు ఒప్పుకోకపోవచ్చు కాని నేను అదే చేస్త. లివర్ పాడైనోళ్లకు, ముసలోళ్లకు, ఊపిరితిత్తుల జబ్బున్నోళ్లకు లోరాజెపామ్. డయాజెపామ్ కండకు ఇయ్యొద్దు, ఎప్పుడెంత ఎక్కుతదో చెప్పలేం. ప్రతి డోసుకు ముందు మనిషి మేలుకొని ఉండా, శ్వాస ఎట్లుంది చూడాలె, మగత ఉంటె ఆ డోసు ఆపాలె.

చేయొద్దనేటియి రెండు మూడున్నయి. ఒర్లుతుండు అని శాంతపరిచే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ ఒక్కటే కొట్టి ఊరుకోవద్దు, ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతది. తాగుడు ఆపినంక వచ్చే ఫిట్స్‌కు ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు పనిచేయదు, మూర్ఛ జబ్బు వేరేగ ఉంటె తప్ప. కాళ్లు చేతులు గాజుగుడ్డతోని మంచానికి కట్టేసి పోవుడు ఆఖరికి, వేరే దారి లేనప్పుడు, అది కూడ డాక్టర్ ఆర్డర్‌తోని, గంట గంటకు చూసుకుంట. మా కాకను ఆ రాత్రి కట్టేసినం, పొద్దుగాల మణికట్ల మీద గాట్లు చూసి ఆయన పెండ్లాం ఏడ్సింది, నాకు ఇప్పటికీ కండ్ల ముందు ఉంటది. లైటు వేసి, కొడుకును చెయ్యి పట్టుకొని కూసోమని, "బాపూ నువ్వు దవాఖానల ఉన్నవ్, కాలు విరిగింది" అని పది నిమిషాలకోసారి చెప్పిస్తె సగం అదే పని చేస్తది.

వార్డుల స్పిరిట్ సీసా, శానిటైజర్ సీసా చేతికందే కాడ పెట్టకుండ్రి, తాగినోళ్లున్నరు. బామ్మర్ది టిఫిన్ డబ్బాల దాచి క్వార్టర్ తెస్తడు, పాపం ప్రేమతోనే తెస్తడు, తిట్టకుంట "మందు మేం ఇస్తున్నం, రెండూ కలిస్తె శ్వాస ఆగుతది" అని చెప్పాలె.

ఐదో అడుగు: కల్లు సంగతి వేరే

చెట్టు కల్లు వేరు, దుకాణంల దొరికే మందు కల్లు వేరు, ఈ ముచ్చట తెలంగాణల పుట్టినోళ్లకు చెప్పనక్కర లేదు. కల్తీ కల్లుల కలిపేటియి అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. అంటె పేషెంట్ తాగుతున్నది ఆల్కహాల్ ఒక్కటే కాదు, లెక్క తెలియని నిద్ర గోలీలు కూడ. 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు బంద్ చేస్తె ఎర్రగడ్డ మానసిక దవాఖానకు వణుకుతున్నోళ్లు, ఫిట్స్ వచ్చినోళ్లు వరుస కట్టిండ్రు, గుర్తుండే ఉంటది.

దీంతోని మనకు మూడు తేడాలు. ఒకటి, టైమింగ్ మారుతది. అల్ప్రాజోలం తొందరగ ఒంట్లకెళ్లి పోతది కాబట్టి ఒకటి రెండు దినాలల్లనే లక్షణాలు, డయాజెపామ్ అయితె వారం దాకా ఆలస్యం కావొచ్చు, మనం బాగైండని డిశ్చార్జ్ చేసినంక ఇంటికాడ ఫిట్స్ వస్తయి. రెండు, ఐదు దినాలల్ల తగ్గించే పద్ధతి సరిపోదు, కొందరికి వారాల తరబడి మెల్లగ తగ్గించాలె, సైకియాట్రీ వాళ్లతోని కలిసి. మూడు, ఇప్పుడే తాగొచ్చి మగతల ఉన్నోడికి మనం మళ్ల బెంజో ఇస్తె పెట్టిన మందు, ఒంట్ల ఉన్న మందు రెండూ కలుస్తయి, అందుకే లక్షణాలు కనబడేదాక ఆగాలె. మగతకు విరుగుడని ఫ్లుమాజెనిల్ ఇద్దామనుకుంటరు, అలవాటున్నోడికి అది ఇస్తె ఫిట్స్ వస్తయి, వద్దు. క్లోరల్ హైడ్రేట్ గుండె లయ చెడగొడ్తది కాబట్టి ఈసీజీ తీసి మానిటర్ పెట్టుండ్రి. మూత్రం స్ట్రిప్‌ల ఏం రాలేదు అంటె ఏం లేదు అని కాదు, క్లోరల్ హైడ్రేట్ మామూలు స్ట్రిప్‌ల పడదు, కొన్ని బెంజోలు కూడ తప్పించుకుంటయి.

ఆరో అడుగు: మిగతా మత్తులు, జల్ది జల్దిగ

ట్రమడాల్, టపెంటడాల్ నొప్పి గోలీలు, కోడీన్ దగ్గు మందు, పెంటాజోసిన్ సూదులు అలవాటైనోళ్లు ఆవులింతలు తీస్తరు, ముక్కు కండ్లు కారుతయి, రోమాలు నిక్కబొడుచుకుంటయి, విరేచనాలు, ఒళ్లంత నొప్పులు, కనుపాపలు పెద్దగైతయి. చానా బాధ పెడ్తది కాని సాధారణంగ ప్రాణం తీయదు. దీనికి ట్రీట్‌మెంట్‌గ బుప్రెనార్ఫిన్ మంచి మందు, కాకపోతె విత్‌డ్రాయల్ లక్షణాలు కనబడక ముందే ఇస్తె ఉన్న బాధ పదింతలైతది, అందుకే స్కోరు చూసి, తెలిసినోళ్ల చేతుల మీదనే. ఓవర్‌డోస్‌ల శ్వాస తగ్గితె నాలోక్సోన్ అనే విరుగుడు మందు కొద్ది కొద్దిగ ఇచ్చుకుంట శ్వాస వచ్చేదాకా చాలు, మనిషి పూర్తిగ లేవాల్సిన పని లేదు. ట్రమడాల్ ఎక్కువ మింగినోడికి ఫిట్స్ కూడ వస్తయి, ఇది చానా మందికి తట్టదు. మందులకు అలవాటు పడ్డోడని ఆపరేషన్ అయినంక నొప్పి మందు ఆపుడు మాత్రం అన్యాయం, ఆయనకు మామూలోళ్ల కంటె ఎక్కువ డోసే పట్టొచ్చు.

గంజాయి బంద్ అయితె చిరాకు, నిద్ర లేకుండుడు, ఆకలి లేకుండుడు. ఆగకుంట వాంతులు, వేడి నీళ్లతోని తానం చేస్తె తగ్గుతున్నయి అంటె గంజాయి వాంతులని అనుమానించాలె. వైట్‌నర్, సొల్యూషన్ పీల్చిన పిలగాండ్లకు గుండె లయ తప్పి ఒక్కసారే ఆగిపోవచ్చు, వాళ్లను బెదిరించి ఉరికించొద్దు, అడ్రినలిన్ ఎక్కితె ఇంకా ప్రమాదం.

బీడీ, గుట్కాను అందరు మర్చిపోతరు. రోజుకు రెండు కట్టలు తాగేటోడిని ఒక్కసారే మంచంల పండబెడితె గుస్స చేస్తడు, లేసి పోతా అంటడు, సైన్ చేసి వెళ్లిపోయేటోళ్లల్ల సగం మంది బీడీ కోసమే పోతరేమో అని నాకు డౌటు. నికోటిన్ గమ్ 2 ఎం.జీ, 4 ఎం.జీ మెడికల్ షాపులల్ల దొరుకుతది, నమిలి చెంపల పెట్టుకోమనాలె, బబుల్ గమ్ లెక్క నమలొద్దు. ప్యాచ్ అయితె ఎక్కువ తాగేటోళ్లకు 21 ఎం.జీ నుంచి మొదలు.

ఏడో అడుగు: మాట్లాడుడు

మత్తు దిగినంక, నాలుగో దినమో ఐదో దినమో, పది నిమిషాలు పక్కన కూసోవాలె, నిలబడి కాదు. "నీకు సిగ్గు లేదా, పిల్లల మొఖం చూడు" అనే డైలాగులు ఇంటోళ్లు వెయ్యిసార్లు చెప్పిండ్రు, మనం వెయ్యి ఒకటోసారి చెప్తె వచ్చేదేం లేదు. నేనైతె "కాకా, ఈ కాలు విరుగుడుకు కల్లుకు ఏమన్న సంబంధం ఉందంటవా?" అని అడిగి నోరు మూసుకుంట. ఆయన నోటికెళ్లి వచ్చిన కారణమే పనిచేస్తది. చచ్చిపోవాలె అనిపిస్తుందా అని కూడ అడగాలె, అడిగితె ఆలోచన పుడ్తది అనేది అబద్ధం. తాగుడు, అప్పులు, పురుగుల మందు ఒకే ఇంట్ల ఉన్న ఊర్లు మనయి.

గంజాయి పిలగాండ్లు పోలీసులకు భయపడి చెప్పరు. 1985 ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టంల 64ఏ అనే సెక్షన్ ఉంది, వాడుడు గాని, చిన్న మోతాదు గాని కేసుల దొరికిన బానిస తనంతట తానే ట్రీట్‌మెంట్‌కు వస్తె ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటది, ట్రీట్‌మెంట్ పూర్తి చేయాలె. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం పేషెంట్ వివరాలు గోప్యంగ ఉంచాలంటది. ఈ రెండు ముక్కలు చెప్తె తల్లిదండ్రులు కూడ కొంచెం ఊపిరి పీల్చుకుంటరు.

ఎనిమిదో అడుగు: డిశ్చార్జ్ చిట్టీ

2019ల కేంద్రం బయటపెట్టిన సర్వేల ఆల్కహాల్‌కు బానిసలైనోళ్లల్ల 38 మందికి ఒక్కరే ఏదన్న ట్రీట్‌మెంట్ తీసుకున్నరని తేలింది. మన చేతిల పడ్డోడిని ఉత్తగ విటమిన్ గోలీలు రాసి పంపుడంటె ఆ 37 మందిల కలిపేసుడే.

మళ్ల తాగకుంట ఉండనీకె మందులున్నయి: నాల్ట్రెక్సోన్ 50 ఎం.జీ రోజుకొకటి, లివర్ చూసి, నొప్పికి ట్రమడాల్ లాంటివి వాడుతలేడని ఖాయం చేసుకొని. అకాంప్రోసేట్ కిడ్నీలు చూసి. సిర్రోసిస్ (లివర్ గట్టిపడ్డ జబ్బు) ఉన్నోళ్లకు బాక్లోఫెన్ ఆలోచిస్తరు. తాగితె ఒంటికి పడకుంట చేసే డైసల్ఫిరామ్ గోలీ గురించి గట్టిగ చెప్పాలె. దాన్ని పేషెంట్‌కు తెలియకుంట చాయల, కూరల కలిపే భార్యలు, తల్లులు ఉన్నరు, కొన్ని చోట్ల "మందు మాన్పించే మందు" అని పొట్లాలు కూడ అమ్ముతరు, అందుల ఏముందో ఎవ్వరికి తెల్వదు. డైసల్ఫిరామ్ ఒంట్ల ఉండంగ తాగితె బీపీ పడిపోయి గుండె ఆగొచ్చు, ఆఖరి గోలీ తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటది. తాగి కనీసం 12 గంటలు దాటినంక, ఆయన ఒప్పుకుంటెనే, ఇంట్ల ఒకరు చూస్తుండంగ ఇయ్యాలె. ఇంటోళ్లను విడిగ కూసోబెట్టి అడుగుండ్రి, "ఇప్పటికే ఏమన్న కలుపుతున్నరా?" అని. మస్తు సార్లు అవును అంటరు.

ఫాలో అప్‌కు తేదీ రాసి ఇయ్యాలె, "అవసరముంటె రండి" అంటె ఎవ్వరు రారు. వరంగల్ ఎంజీఎం దవాఖానల సైకియాట్రీ ఓపీ ఉంది, దూరపోళ్లకు మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416, మత్తు విషయాలకు 14446, రెండూ ఉచితమే, తెలుగుల మాట్లాడొచ్చు. డిశ్చార్జ్ రోజు ఒక పని చేస్త నేను, రాబోయే రెండు నెలలల్ల ఏమున్నయి అని అడుగుత, దసరానా, మేడారం జాతరనా, బిడ్డ పెండ్లా. దావత్ పేరు వచ్చిందంటె ఆ రోజు ఏం చెప్పి తప్పించుకుంటవ్ అని ఆయనతోనే అనిపిస్త. బస్టాండ్‌కెళ్లి ఇంటికి పోయే తొవ్వల దుకాణం ఉంటె వేరే తొవ్వ ఉందా అని కూడ. మా కాక "గోలీలు వేసుకుంటున్న, పథ్యం ఉంది అంట సారు" అన్నడు, మన దిక్కు పథ్యం అంటె ఎవ్వరు బలవంతం పెట్టరు, అది చానా మందికి పనికొచ్చింది.

మెల్లగ తగ్గించుకుంట పోయే బెంజో గోలీలు మాత్రం ఐదు దినాలకంటె ఎక్కువ ఒక్కసారే చేతికియ్యకుండ్రి, స్ట్రిప్ కొడుకు దగ్గరనో పెండ్లాం దగ్గరనో ఉండాలె, చిట్టీ మీద ఏ దినం ఎన్నో తెలుగుల రాసి, రాసింది వాళ్లతోని ఒకసారి చదివించుండ్రి.